ఆకు మీద ముద్ర కావాలంటే అడవి మీద హక్కు కావాలి

అడవి అంచు వాడల్లో మన ఆడవాళ్లు మోదుగాకు విస్తర్లు కుడతారు. కొన్నిచోట్ల సంఘం కట్టుకుని, చిన్న మిషను తెచ్చుకుని ప్లేట్లు కూడా చేస్తున్నారు. పట్నం నుంచి కొనేటాయన వస్తాడు, సరుకు బాగుందంటాడు. తర్వాత ఒక్క మాట అడుగుతాడు: "అడవికి నష్టం లేకుండా తెచ్చిన ఆకని సర్టిఫికెట్ ఉందా?" లేదు. బేరం అక్కడే ఆగిపోతుంది.

కొమ్మ విరవకుండా, చిగురు వదిలి ముదురాకు కోసే చేతులివి. కొమ్మ నరికితే వచ్చే ఏడు కూలి ఉండదని ఆ అక్కలకు ఎవరూ సెమినారు పెట్టి చెప్పలేదు. అయినా రుజువు అడిగేది వాళ్లనే.

ఇంతకీ ఈ సర్టిఫికెట్ ఏంది? 1993లో ఎఫ్‌ఎస్‌సి అనే అంతర్జాతీయ సంస్థ పుట్టింది. 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం కూడా సొంతంగా అటవీ, కలప ధ్రువీకరణ పథకం తెచ్చింది. పద్ధతి ఇంచుమించు ఒకటే. ముందు అడవికి ఒక సర్టిఫికెట్. ఆ అడవి సరుకు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో చూపే గొలుసుకు ఇంకొకటి. మొదటిది లేనిదే రెండోది లేదు. ఆకు కోసిన అడవికి సర్టిఫికెట్ లేకపోతే మన ప్లేటు ఎంత బాగున్నా ముద్ర పడదు. అడవికి సర్టిఫికెట్ కావాలంటే వచ్చే తొలి ప్రశ్న: అక్కడ కోసుకోవడానికి నీకు చట్టప్రకారం హక్కుందా?

అసలు చిక్కు ఇక్కడే. చిన్న వ్యాపారాలకు సాయం చేస్తామని వచ్చేవాళ్లు శిక్షణ ఇస్తారు, ప్యాకింగు నేర్పుతారు, ఫొటోలు దిగుతారు. హక్కు మాట మాత్రం ఎత్తరు.

2006 అటవీ హక్కుల చట్టం ఆకు, వెదురు, తేనె వంటి చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని సేకరించి అమ్ముకునే హక్కు ఇచ్చింది. గిరిజనుల హక్కుతో మాకు పేచీ లేదు, అది వాళ్లు పోరాడి సాధించుకున్నది. కానీ ఆ చట్టంలో దళితుల పేరు 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు'. 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉండి అడవి మీద బతికామని చూపాలి. అంటే 1930 నాటి సాక్ష్యం!

మేము బడిపంతుళ్లం, పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేసినవాళ్లం. 1930లో మన తాతల పేర్లు వాటిల్లో ఎందుకుంటాయి? బడి గడప ఎక్కనిస్తే గదా! భూమి ఉంటే గదా పహాణీలో పేరెక్కేది!

అయినా దారి ఉంది, మనవాళ్లకు తెలియనివ్వలేదు అంతే. ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టొద్దని ఆ చట్టం నియమాల్లోనే ఉంది. హక్కు అడిగేవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పింది రాసిపెడితే సాక్ష్యమే. పాత బావులు, బొందలగడ్డలు, దేవతల స్థలాలూ సాక్ష్యమే. ఊరి బావి ముట్టనివ్వనందుకు మన తాతలు వేరే బావి తవ్వుకున్నారు. ఊరి శ్మశానంలో చోటివ్వనందుకు వేరే చోట పూడ్చుకున్నారు. ఇప్పుడు అవే మన రుజువులు. తాతలు సేత్‌సింధిగానో తోటిగానో చేసి ఉంటే పాత ఇనాం కాగితాలు కూడా వెతకాలి. ఒక్క సాక్ష్యంతో సరిపెట్టొద్దు, కనీసం రెండు రకాలు ఉండాలి.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండుల ఊరు ఉంది. 2009లో సామూహిక హక్కు పత్రం తెచ్చుకుంది. 2011లో వెదురు రవాణా పర్మిట్లు ఇచ్చే అధికారం ఆ గ్రామసభ చేతికే వచ్చింది. 2012లో నియమాలు సవరించాక చిన్నతరహా ఫలసాయానికి పర్మిట్ గ్రామసభ కమిటీయే ఇవ్వొచ్చు. గిరిజనులూ మనమూ కలిసున్న ఊళ్లలో సామూహిక హక్కును కలిసే అడగాలి. విడిపోతే లాభం కాంట్రాక్టరుకే.

హక్కు వచ్చాక సర్టిఫికెట్ సంగతి. ఏటా తనిఖీ ఉంటుంది, ఫీజు ఉంటుంది. ఒంటరి సంఘం మోయలేదు. చిన్నవాళ్లందరినీ ఒకే సర్టిఫికెట్ కింద చేర్చే గ్రూపు పద్ధతి ఉంది, దాన్నే అడగాలి. పక్క ఊరి పెళ్లికి విస్తర్లు అమ్మడానికి మాత్రం ఏ ముద్రా అక్కర్లేదు. హక్కు పత్రం ఉందా అని అడగకుండానే అడ్వాన్సు కట్టమనేవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపండి.

ఈ పదిహేను రోజుల్లో వాడలోని ముసలోళ్ల దగ్గర కూర్చోండి. వాళ్లు పోతే సాక్ష్యం కూడా పోతుంది. బావి ఎవరు తవ్వారు, ఆకుకు ఏ గుట్టకు పోయేవాళ్లు అన్నీ నోటుబుక్కులో రాసి సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఫారం-బి నింపి అటవీ హక్కుల కమిటీకి ఇవ్వండి. రసీదు చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి లేవొద్దు.