ఫ్రిజ్ తలుపు చప్పుడు, గోడ మీద తోక

పొద్దున ఆరింటికి మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు, బాల్కనీలోంచి 'వీక్ వీక్' అని రెండు గొంతులు లేస్తాయి. కొత్తిమీర కట్ట విప్పే చప్పుడు అంత దూరం నుంచి వాటికెలా వినబడుతుందో గానీ, ఒక్కరోజూ తప్పదు. మా అమ్మాయి పదో పుట్టినరోజుకు అడిగి అడిగి తెప్పించుకున్న గినీ పిగ్‌లు అవి. "రెండూ ఆడవే సార్, గొడవుండదు" అన్నాడు అమ్మినాయన. రెండున్నర నెలలు తిరిగేసరికి రెండు కాస్తా నాలుగయ్యాయి.

ఆ ఉదయం నేను మరచిపోలేను. ఎలుక పిల్లలంటే కళ్లు తెరవని ఎర్రటి మాంసపు ముద్దలని కదా మనకు తెలిసింది. ఇవి ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుట్టాయి. పుట్టిన కాసేపటికే తల్లి వెనకాల నడిచాయి. అందుకే తల్లి వాటిని రెండు నెలల పైన కడుపులో మోస్తుంది. పాలు మరిచాక పిల్లల్ని తెలిసినవాళ్ల ఇంటికి పంపాం. మగదానికి వేరే గూడు కట్టించాం, పక్కపక్కనే, ఒకదాన్నొకటి చూసుకునేలా. గినీ పిగ్‌కు తోడు లేకపోతే దిగులు.

పేరులో పంది ఉంది గానీ ఇది పందీ కాదు, గినీ దేశానిదీ కాదు. దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో వేల ఏళ్ల కిందట మనుషులు మచ్చిక చేసుకున్న జంతువు. పెరూలో ఈనాటికీ తిండికోసం పెంచుతారు. మనలాగే దీని ఒళ్లు కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు. అందుకే రోజూ క్యాప్సికం ముక్కో, కాస్త జామకాయో పడాలి. అన్నిటికన్నా ఇష్టం గరిక. వినాయకుడికి పూజ చేసే ఆ గరికే. చవితి ముందు రోజు బజారులో కట్టలు కట్టి అమ్ముతుంటే మా అమ్మాయి రెండు కట్టలు ఎక్కువ కొనిపించింది. ఇప్పుడు బాల్కనీ తొట్లలో పూలమొక్కలు లేవు, గరికే ఉంది.

చల్లటి కొండల జంతువుకు మా బెజవాడ ఎండ నరకం. 30 డిగ్రీలు దాటితేనే దాని ప్రాణం మీదికొస్తుంది. మే నెలలో ఇక్కడ 44 దాకా పోతుంది. వేసవి రెండు నెలలూ వాటి గూళ్లు ఇంట్లో ఫ్యాను కింద ఉంటాయి. సీసాలో నీళ్లు గడ్డకట్టించి, పాత తువ్వాలు చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటాయి. కరెంటు పోయిన మధ్యాహ్నాలు మా అమ్మాయి తడిపిన గోనెపట్టాను కిటికీకి కట్టి, విసనకర్రతో కూర్చునేది. ఆ పిల్లకు ఓపిక ఉందని నాకు అప్పుడే తెలిసింది.

పిల్లలకు ఇలాంటి ప్రాణిని ఇవ్వడం మంచిదేనని నేను నమ్ముతాను. ఇచ్చే ముందు ఇంట్లో పెద్దవాళ్లు ఆ ప్రాణి సంగతి తెలుసుకోవాలన్నది నా పట్టుదల. పెద్ద గినీ పిగ్ ఒక్కరోజు తిండి మానేసిందంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఇక హ్యామ్‌స్టర్ సంగతి చూడండి. ఇవాళ మనం కొనే బంగారు రంగు హ్యామ్‌స్టర్లలో దాదాపు అన్నీ 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర ఒక పొలంలో తవ్వి తీసిన ఒక్క తల్లీపిల్లల సంతానం. అది రాత్రి తిరిగే జంతువు. పైగా ఒంటరిది. పెద్దయ్యాక రెండింటిని ఒకే గూట్లో పెడితే చచ్చేదాకా కొట్టుకుంటాయి. అయినా దుకాణాల్లో ఒక్కో పంజరంలో అరడజను కుక్కి ఉంటాయి. కొన్నవాళ్లు మధ్యాహ్నం మూడింటికి దాన్ని నిద్రలేపి పిల్లాడి చేతిలో పెడతారు. కరుస్తుంది. "ఇది మంచిది కాదు" అని వారానికే ఎవరికో ఇచ్చేస్తారు, లేదా పార్కులో వదిలేస్తారు. వదిలిన గంటలో కాకో, పిల్లో చూసుకుంటుంది. అర్ధరాత్రి మనల్ని లేపితే మనం మాత్రం విసుక్కోమా?

గూట్లో గినీ పిగ్‌లను చూసుకుంటూ చూసుకుంటూ మా ఇంటి కళ్లు బయటికి తిరిగాయి. నేను చెప్పదలచుకున్నది ఇదే. బాల్కనీ మీదుగా గద్ద నీడ జారితే గినీ పిగ్‌లు రెండూ రాళ్లలా బిగుసుకుపోతాయి. అది గమనించిన పిల్ల, గోడ మీద ఉడుత తోక ఎగరేస్తూ 'చిక్ చిక్ చిక్' అని ఆపకుండా అరుస్తుంటే "నాన్నా, కింద పిల్లి ఉంది చూడు" అంది. చూస్తే కారు కింద నిజంగానే పిల్లి. నలభై ఏళ్లుగా ఆ అరుపు వింటున్నాను, అదొక కబురని నాకు తట్టలేదు.

గినీ పిగ్, ఉడుత చేరిన ఈ ఎలుక జాతిలో మన సొంత జంతువులు ఎన్ని! నల్లమలలో బెట్టుడుత, గుట్టల్లో రాత్రి తిరిగే ముళ్లపంది. అదీ పంది కాదు, ఎలుకల చుట్టమే. పందికొక్కు అయితే మన మాటనే ఇంగ్లీషుకు ఇచ్చింది. బ్యాండికూట్ మన పందికొక్కే. ఆ పేరును తెల్లవాళ్లు ఆస్ట్రేలియాకు మోసుకెళ్లి, అక్కడ సంచిలో పిల్లల్ని పెంచే వేరే జంతువుకు తగిలించారు. మా తాతగారి పొలంలో కోతలయ్యాక యానాదులు గట్లు తవ్వి, కొక్కుల కన్నాల్లోంచి వరి వెన్నులు గంపలకెత్తడం చిన్నప్పుడు చూశాను. ఆ నష్టం రైతుది. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ జబ్బూ నిజం. గాదెలో పడ్డ ఎలుకను ప్రేమించమని నేను అనను. కానీ జిగురు అట్టలు వద్దు. మా సెల్లారులో ఎవరో పెట్టిన అట్టకు ఒకసారి ఉడుత పిల్ల అంటుకుంది. వంటనూనె రాసి విడిపించడానికి ముప్పావు గంట పట్టింది. దాని గుండె నా వేళ్ల కింద కొట్టుకున్న వేగం ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంది.

దాన్ని పెంచుకుందామని మా అమ్మాయి ఏడ్చింది. నేను ఒప్పుకోలేదు. గినీ పిగ్‌ మన చేతికి అలవాటు పడ్డ ప్రాణి, మనం లేకపోతే బతకలేదు. ఉడుతకు మన చెయ్యి అక్కర్లేదు. రామచిలుకదీ అదే సంగతి. దాన్ని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని తెలిసి కూడా పెంచుతున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. ప్రేమతోనే పెంచుతున్నామంటారు. ఎగరాల్సిన దాన్ని కూర్చోబెట్టడం ప్రేమ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. ఆ ఉడుత పిల్లకు ఆవుపాలు పట్టబోయిన పొరుగింటావిడను కూడా ఆపాను, దానికి అవి పడవు. అట్టపెట్టెలో పాత చీర ముక్క వేసి, పిల్లను పెట్టి, గోడ మీద ఉంచి తలుపు వేసుకున్నాం. గంటన్నరకు తల్లి వచ్చింది. పెట్టె చుట్టూ మూడుసార్లు తిరిగి, పిల్లను పొట్ట దగ్గర నోట కరుచుకుంది. ఆ పిల్ల తల్లి మెడకు దండలా చుట్టుకుపోయింది. అలాగే వేపచెట్టెక్కేసింది.

ఈ వారం ఆ వేపచెట్టు ఉడుతే కావచ్చు, ఒకటి మా గ్రిల్లోంచి దూరి గినీ పిగ్‌ల ఎండుగడ్డిని దొంగిలిస్తోంది. రెండు ముందరి కాళ్లతో గడ్డి మడిచి, ఉండ చేసి, బుగ్గలు ఉబ్బేలా నోట్లో కుక్కుకుని పోతుంది. గూట్లోంచి ఆడ గినీ పిగ్ కదలకుండా చూస్తుంది. ఏసీ బయటి పెట్టె వెనకాల గూడు సగం పూర్తయింది. సర్వీసుకు రమ్మన్న అబ్బాయికి ఫోన్ చేసి, వచ్చే నెల చూద్దాం బాబూ అని చెప్పాను.