కడుపు నిండిన బాక్టీరియా మందు చెయ్యదు

పిల్లలూ, వేసవి సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడు మొదటి వాన పడగానే వచ్చే మట్టి వాసన గుర్తుందా? మా అమ్మాయి గుమ్మంలో నిలబడి గట్టిగా పీల్చి, "నాన్నా, ఇది మన న్యూ జెర్సీలో ఎందుకు రాదు?" అని అడిగింది. వస్తుంది. మనం ఏసీ కారు అద్దాలు దించం, అంతే! ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. దాన్ని తయారు చేసే వాటిలో ముఖ్యమైనది మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా. మనం వాడే యాంటిబయాటిక్స్‌లో చాలా వాటికి పుట్టిల్లు కూడా అదే.

1940లో మా న్యూ జెర్సీలోనే, రట్గర్స్‌లో, వాక్స్‌మన్, వుడ్రఫ్ గార్లు ఈ జాతి బాక్టీరియా నుంచి ఆక్టినోమైసిన్ అనే ఎర్రటి పదార్థాన్ని వేరు చేశారు. అది క్రిములతో పాటు ప్రయోగానికి వాడిన జంతువులనీ చంపేసింది. మూడేళ్ళ తర్వాత అదే ప్రయోగశాలలో షాట్జ్ గారు కనిపెట్టిన స్ట్రెప్టోమైసిన్‌కి పేరంతా వెళ్ళింది. కానీ 1950ల్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గారు ఆక్టినోమైసిన్‌లో ఒక రకాన్ని పిల్లల కిడ్నీ కాన్సర్‌కి వాడి చూశారు, పని చేసింది. అన్నట్టు, 1947లో ఈ ఫార్బర్ గారికే రక్త కాన్సర్ పిల్లల కోసం అమినోప్టెరిన్ అందించింది మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం.

ఆక్టినోమైసిన్ పేరు నేను మొదట విన్నది పుస్తకంలో కాదు. మా స్నేహితుల బాబుకి నాలుగేళ్ళప్పుడు అదే కాన్సర్ వచ్చింది. ఆస్పత్రిలో వాళ్ళ పక్కన కూర్చుని మందుల కాగితం చదివాను. వాడు ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు, క్రికెట్‌లో నన్ను సులువుగా అవుట్ చేస్తాడు.

ఇంటికొచ్చాక ఆ మందు గురించి చదువుతుంటే ఒక సంగతి నన్ను ఆపేసింది. ఏ జీవికైనా ఒళ్ళు కట్టుకోడానికి కర్బనం కావాలి. బాక్టీరియాకి అది చక్కెరల్లోనో, పిండిలోనో, కుళ్ళిన ఆకుల్లోనో దొరుకుతుంది. ఆక్టినోమైసిన్ చేసే బాక్టీరియాకి గ్లూకోజ్, గాలాక్టోజ్ రెండూ కలిపి పెడితే ముందు గ్లూకోజే తింటుంది. చేతిలో లడ్డు ఉండగా చెరకు గడ నమిలేదెవరు? గ్లూకోజ్ ఉన్నంత సేపూ చకచకా పెరుగుతుంది, మందు మాత్రం చెయ్యదు. ఆ మందు తయారీకి సంబంధించిన ఒక ఎంజైమునే గ్లూకోజ్ రానివ్వదని 1970ల మొదట్లో తేలింది. గ్లూకోజ్ అయిపోయి, నెమ్మదిగా అరిగే గాలాక్టోజ్ మొదలయ్యాక ఎర్ర రంగు కనిపిస్తుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే ఇదొక 'ఇఫ్' స్టేట్‌మెంట్: గ్లూకోజ్ ఉంటే, తర్వాతి లైన్లన్నీ వదిలెయ్.

(అమ్మమ్మలూ, బామ్మలూ, "చూశావా, స్వీట్లు తింటే పని చెయ్యరు" అని దీన్ని పిల్లల మీద వాడకండి. బాక్టీరియాకి హోంవర్క్ లేదు!)

ఆకలి వేస్తేనే మందు ఎందుకు? తిండి అయిపోతే స్ట్రెప్టోమైసిస్ తన పాత పోగులను తానే కరిగించుకుని, ఆ సారంతో విత్తనాల వంటి స్పోర్లను తయారు చేస్తుంది. ఆ సమయంలో ఇరుగు పొరుగు క్రిములు వచ్చి దోచుకోకుండా ఈ విషం కాపలా అని శాస్త్రజ్ఞుల ఊహ. 2008లో మరో చిత్రం బయటపడింది. కణం గోడలు కరిగితే వచ్చే ఒక రకం చక్కెర, తిండి పుష్కలంగా ఉంటే మందు తయారీని ఆపుతుంది, కరువులో ఉంటే అదే చక్కెర మొదలు పెట్టిస్తుంది!

ఇదంతా కాలక్షేపం కబురు కాదు. పాత యాంటిబయాటిక్స్‌కి లొంగని క్రిములు పెరుగుతున్నాయి, కొత్త మందులు దొరకడం కష్టంగా ఉంది. 2002లో స్ట్రెప్టోమైసిస్‌లో ఒక రకం జన్యువులన్నీ చదివితే, ఇలాంటి పదార్థాల తయారీకి ఇరవైకి పైగా జన్యు గుంపులు కనిపించాయి. అంతకు ముందు తెలిసినవి వాటిలో కొన్నే. ప్రయోగశాల తిండి మీద మిగతావి చాలా వరకు నిద్రపోతుంటాయి. అందుకే తిండి మార్చి మార్చి పెట్టి వాటిని లేపడానికి ప్రయత్నిస్తున్నారు. ఏ తిండికి ఏది లేస్తుందో ముందుగా చెప్పే సూత్రం ఇంకా లేదు. ప్రోగ్రామ్ అంతా చేతిలో ఉండీ ఏ ఇన్‌పుట్ ఇవ్వాలో తెలియని బాధ మాలాంటి వాళ్ళకి బాగా అర్థమవుతుంది.

వచ్చే సంచికకి మీ ప్రశ్న: పాలలో ఉండే చక్కెర రెండు ముక్కలైతే ఏమేం వస్తాయి? రెండు పేర్లూ పైన రాశాను. అమ్మానాన్నలు చెప్పకూడదు!