పిల్లలకోడి ఛాయాపటము

కమలాపురమున మా అత్తగారు చిన్ననాడు వేరుసెనగ కళ్ళమువద్ద పండుకొని, పిల్లలకోడి యెంత యెక్కినదో చూచి ప్రొద్దు గుర్తించెడివారట. కృత్తికలనే మా యింట పిల్లలకోడి యందురు. ఇప్పుడామె కన్నులకు పొర కమ్మినది. కాగితము దగ్గరగా పట్టిన చూడగలరు గాని మింటి చుక్క లగపడవు. మరియొకమారు చూడవలెనని ఆమె కోరుటచే నేనీ పనికి పూనుకొంటిని. రాత్రివేళ కోడలికి మిద్దెమీద నేమి పనియని ఇరుగువా రనుకొన్నమాట నిజమే. అత్తగారే మెట్లపై కూర్చుండుటతో ఆ మాట అణగిపోయినది.

మార్గశిర అమావాస్యకు ముందురాత్రి, కృత్తికలు నడినెత్తికి వచ్చిన వేళ, కెమెరాను ట్రైపాడుపై నిలిపి ముప్పది సెకండ్లు తెరచి యుంచితిని. పటము చూచి అత్తగారు, "ఇవి చుక్కలా మ్మే, వానధారలా?" అనిరి.

తప్పు కెమెరాది కాదు. భూమి తిరుగుచుండుటచే ఆకాశము మనకు గంటకు 15 డిగ్రీలు జరుగును. అనగా రెండు నిమిషములలో చుక్క యొకటి చంద్రబింబపు వెడల్పంత దూరము పోవును. ముప్పది సెకండ్లలో అందు నాలుగవ వంతు! గీత పడక యేమి చేయును?

కావున రెండేసి సెకండ్ల పటములే తీయవలెను. అప్పుడు చుక్క చుక్కగానే నిలుచును గాని, పటమంతయు మసకబారి ఇసుక చల్లినట్లుండును. దీనికి ఉపాయ మొక్కటే. అట్టివి నూరు తీసి, కంప్యూటరులో ఒకదానిపై నొకటి పేర్చుట. డీప్ స్కై స్టాకర్, సిరిల్ అను ఉచిత ప్రోగ్రాములు ప్రతి పటమునందును చుక్కల యమరికను గుర్తించి, జరిగినంత మేర వెనుకకు జరిపి, అన్నిటి సగటు తీయును.

పాపఘ్ని ఆవలిగట్టున నుండి ఎవరో పిలుచుచున్నారనుకొనుడు. గాలి ఒకమారు ఒక అక్షరమును, మరియొకమారు మరియొక అక్షరమును ఎత్తుకొనిపోవును. పదిమార్లు విన్నచో మాట పూర్తిగా తెలియును. ఇదియు నంతే. చుక్క ప్రతి పటమునను ఒకే తావున నుండును; ఇసుకరేణువులు మాత్రము తావు మార్చుచుండును. నూరు పటముల సగటులో ఆ మసక పదియవ వంతునకు తగ్గును. నాలుగువందలు తీసిన ఇరువదియవ వంతే. అనగా శ్రమ నాలుగింతలైనను ఫలము రెండింతలే. నేను నూటితో ఆపితిని.

మరియొక మెలకువ. నేయి కొనునపుడు వట్టిగిన్నెను ముందు తూచి ఆ బరువు తీసివేయుదుము గదా! అట్లే కెమెరాకు మూత బిగించి, అవే రెండు సెకండ్లు, ఇరువది చీకటిపటములు తీసి యిచ్చినచో, కెమెరా తనకు తానుగా పుట్టించు మచ్చలను ప్రోగ్రాము తీసివేయును. మొదట నేనీ పని మానుటచే మా పిల్లలకోడికి లేని పిల్లలు పుట్టినవి.

మచ్చను చూచి చుక్కయని భ్రమించుట పెద్దలకును తప్పలేదు. 1887లో పారిస్ నగరమున ఆకాశమంతటికిని పటము తీయ నిశ్చయించినపుడు, పటపు పలకలపై ప్రతి చుక్కను మూడుమార్లు చిన్న త్రికోణముగా పడునట్లు తీసిరి. ఒంటరిగా కనబడునది ధూళిమచ్చయని తెలియుటకే యిది. ఆ మహాకార్యముననే, 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన హైదరాబాదు నిజామియా వేధశాల ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను పట్టికకెక్కించినది. వాటికన్ వంతు పలకలను 1910 మొదలు 1921 వరకు కొలిచినవారు నలుగురు సన్యాసినులు: ఎమిలియా పొంజోని, రెజీనా కొలంబో, కొన్చెత్తా ఫినార్ది, లుయీజా పాన్చేరి. సూక్ష్మదర్శినిలో చూచి వారు లెక్కించినవి సుమారు 4,81,000 చుక్కలు. వారి పని అచ్చయినను, వారి పేర్లు 2016లో గాని లోకమునకు తెలియలేదు. ఈ సంగతి చదివిననాడు నాకు అన్నము సహింపలేదు.

పేర్చిన పటమును పెద్ద కాగితముపై అచ్చువేయించి అత్తగారి చేతికిచ్చితిని. వెలుతురునకు పట్టి, వ్రేలితో ఒక్కొక్కటే ఎంచిరి. "మేము ఆరే చూసేవాళ్ళము. ఇన్ని పిల్లలు యాడ దాక్కున్యాయి మ్మే?" అనిరి. ఇరువదిమూడు దాటినపిదప లెక్క తప్పి మరల మొదటికి వచ్చిరి. నేను దీపము దగ్గరకు జరిపితిని.