సీఆర్ఎమ్ కోడ్‌కి ఒక్కటే గుమ్మం ఉండాలి

మన ప్రాజెక్ట్‌ని సేల్స్‌ఫోర్స్ లాంటి సీఆర్ఎమ్‌తో కలపాలంటే చాలామంది మొదట చేసేది, ఎక్కడ డేటా కావాలంటే అక్కడే ఏపీఐ కాల్ రాసేయడం. నేనూ అదే చేశా. మా టీమ్ ఫోన్ నంబర్ ఫీల్డ్ పేరు మార్చిన రోజు, 11 ఫైల్స్ వెతుక్కుంటూ రాత్రంతా కూర్చున్నా.

అందుకే నా మాట ఒక్కటే: సీఆర్ఎమ్ గురించి తెలిసిన కోడ్ అంతా ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. లాగిన్, ఫీల్డ్ పేర్లు, రీట్రై అన్నీ అక్కడే. మిగతా యాప్‌కి మన సొంత 'కస్టమర్' క్లాస్ తెలిస్తే చాలు.

అసలు లాభం లిమిట్స్ దగ్గర తెలుస్తుంది. సేల్స్‌ఫోర్స్‌లో 24 గంటలకి ఇన్ని ఏపీఐ కాల్స్ అని లెక్క ఉంటుంది. 200 రికార్డ్స్‌ని లూప్‌లో ఒక్కొక్కటిగా పంపితే 200 కాల్స్ పోతాయి; కలెక్షన్స్ ఏపీఐతో పంపితే ఒక్కటే. కోడ్ ఒకేచోట ఉంటే ఈ మార్పు ఒక పూట పని. అలాగే ఎక్స్‌టర్నల్ ఐడీతో అప్సర్ట్ పెడితే, మధ్యలో నెట్ పోయి మళ్లీ పంపినా అదే కస్టమర్ రెండుసార్లు ఎక్కడు.

"చిన్న ప్రాజెక్టే కదా, ఇదంతా ఎందుకు?" అంటారా? నిజమే, మొదట్లో రెండు రోజులు ఎక్స్‌ట్రా పడుతుంది. ఒక్క ఫారం నుంచి లీడ్ పంపడమే పనైతే అక్కర్లేదు. కానీ రెండో చోట కాల్ రాయబోతున్నారంటే, ముందు ఆ ఫోల్డర్ క్రియేట్ చేయండి.