కత్తెరకు అందని కూపను
సెల్‌ఫోనులో మాత్రమే ఇచ్చుచున్న తగ్గింపులను కిరాణా దుకాణములు కాగితపు కూపనుల రూపమునను ఇచ్చి తీరవలెనని అమెరికాలోని శాన్ డియేగో నగరపాలక మండలి 2025లో చేసిన శాసనము మిక్కిలి హర్షణీయము. వృద్ధులకును, పేదలకును దీనివలన కలుగు మేలు ప్రత్యక్షమే. కాని, ఆదివారపు పత్రికలోని కూపనులను కత్తిరించి, గడువు తేదీల వరుసను కవరులలో సర్దుకొని, తమ యింటికి అక్కరలేని పీనట్ బటర్ సీసాను, చిక్కుడుగింజల డబ్బాను చౌకగా కొని ఫుడ్ బ్యాంకు పెట్టెలో వేసి వచ్చు గృహస్థుల దానమార్గము కూడ మూతపడకుండ నిలుచునని మేము విశేషముగా సంతసించుచున్నాము. 1967లో ఫీనిక్స్ నగరమున జాన్ వాన్ హెంగెల్ నెలకొల్పిన మొదటి ఫుడ్ బ్యాంకు, వృథాగా పోవు ఆహారమును ఆకలిగొన్నవారికి చేర్చుటయే వ్రతముగా పూనినది. గడువు తీరి చెత్తబుట్టలో పడు కూపను సైతము అట్టి వృథాయే కదా! అయితే, చౌకగా దొరికినవని తీపి సీరియల్ పొట్లములనే కుప్పలు పోయుటకంటె, పప్పు, బియ్యము, పసిపిల్లల ఆహారము మున్నగువానిలో ఫుడ్ బ్యాంకులందు దేనికి కొరతయో ముందుగా విచారించి కొనుటయు, కూపనువలన మిగిలిన సొమ్మును రొక్కముగా ఇచ్చుటయు ఉత్తమము. ఏలయన, టోకున కొను ఆ సంస్థల చేతిలో అదే డాలరు మరింత సరకును తేగలదు. తక్కిన నగరములు ఈ శాసనమును జాగు సేయక అనుసరింపవలెను. దుకాణదారులును దానపు పెట్టెను వాకిట మూలను గాక గల్లాపెట్టె చెంతనే ఉంచి, నేడు కావలసిన వస్తువుల పట్టికను దానిపై అంటింపవలెను.