మంచుమునక, గట్టు మీది తాడు

యతిప్రాసలను గురించీ, సంధులను గురించీ వ్రాసుకొనే ఈ ముసలి పంతులు మంచును గురించి వ్రాయబూనడమేమని ఆశ్చర్యపడకండి. కారణం ఉన్నది. నా వద్ద పదవ తరగతి చదువుకొన్న అబ్బాయి ఒకడు ఉద్యోగరీత్యా ఫిన్లాండులో ఉంటున్నాడు. "మాస్టారూ, ఈ శీతకాలం ఐస్ డైవింగు నేర్చుకొందామనుకొంటున్నాను. ప్రపంచంలో దానికి పేరుపొందిన చోట్ల పట్టిక ఇదిగో, చూడండి" అని జాబు వ్రాశాడు. రెండు రోజులు గడవకముందే వాళ్ల నాన్నగారు ఫోను చేశారు. "మీ మాటంటే వాడికి గురి. వద్దని ఒక్కమాట చెప్పండి మాస్టారూ" అన్నారు. తెలియని విషయంలో ఔననడానికైనా కాదనడానికైనా నాకు నోరు రాదు. నెల రోజులు కూర్చొని చదివాను. చదివిన మీదట నాకు కలిగిన అభిప్రాయమే ఈ టపా.

ముందు మాట సంగతి. గడ్డకట్టిన సరస్సు మీదనో సముద్రం మీదనో మంచుపలకను కోసి, ఆ రంధ్రం గుండా నీటిలోకి దిగి, తిరిగి ఆ రంధ్రం గుండానే పైకి రావడం ఈ విద్య. 'హిమజలనిమజ్జనం' అంటే పాండిత్యం కనబడుతుంది గాని పిల్లలకు నోరు తిరగదు. పైగా మన తెలుగుకు ఇక్కడ ఒక చిక్కున్నది. తెల్లవారుజామున పొలాల మీద కమ్మేదీ మంచే, గడ్డిపరక మీద మెరిసేదీ మంచే, హిమాలయం మీద పేరుకొనేదీ మంచే. తుషారం, నీహారం, ప్రాలేయం అని సంస్కృతం నుండి ఎన్ని తెచ్చుకొన్నా, లారీ నడిచినా విరగని గట్టి పలకకు మనకు వేరే మాట లేదు. అవసరం పడని చోట మాట పుట్టదు కదా! ప్రస్తుతానికి 'మంచుమునక' అని వాడుకొంటాను. ఇంతకన్న మంచి మాట తోచినవారు వ్యాఖ్యలో తెలుపగలరు.

ఇక ఆ పట్టిక. మొదటి స్థానం సైబీరియాలోని బైకాల్ సరస్సుది. లోతు 1642 మీటర్లు. లోకంలో ఇంతకన్న లోతైన సరస్సు లేదు. గడ్డకట్టకుండా భూమి ఉపరితలాన ఉన్న మంచినీటిలో సుమారు అయిదవ వంతు ఇందులోనే ఉన్నది. జనవరిలో గడ్డకట్టి మే దాకా ఉంటుంది. ఆ మంచు అద్దంలా ఉండి, కాలికింద నల్లని లోతు కనబడుతుందట. కింద పచ్చని స్పంజికలు కొమ్మలు వేసి చెట్లలా నిలబడి ఉంటాయి. మునకకై కోసిన రంధ్రాన్ని రష్యనులు 'మైనా' అంటారని చదివి నవ్వుకొన్నాను. మనకు మైనా పిట్ట, వారికి మైనా నీటి వాకిలి! అయితే 2022లో ఉక్రెయిను యుద్ధం మొదలైన తరువాత ఆ వైపుకు పాశ్చాత్య యాత్రికుల రాక బాగా తగ్గింది.

తరువాత రష్యాకే చెందిన తెల్లసముద్రం. ఉప్పునీరు గనుక సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టదు. ఫ్రాన్సులోని తీన్యు, ఆస్ట్రియాలోని వైసెన్‌సే వంటి పర్వత సరస్సులు సెలవులకు వచ్చేవారికి సులువైన చోట్లు. పట్టిక చివర అంటార్కిటికా. మక్‌మర్డో వద్ద వసంతపు తొలిరోజులలో, నీటిలో నాచుజీవులు పెరగకముందు, రెండువందల మీటర్లకు పైబడి చూపు ఆనుతుంది. అక్కడి చేపల నెత్తురు గడ్డకట్టకుండా కాపాడే ప్రత్యేక పదార్థాన్ని 1960ల దశకంలో ఆర్థర్ డెవ్రీస్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టింది ఈ నీటి చేపలలోనే.

చదవడానికి ఇంపుగానే ఉన్నది. కాని ఆ పట్టిక మీద నాకొక ఫిర్యాదున్నది. ప్రతి చోటుకూ నీటి తేటదనం ఎంత, కనబడే వింతలేమిటి, ఛాయాచిత్రాలు ఎంత బాగా వస్తాయి అని లెక్కగట్టి నక్షత్రాలు వేశారు. పైన తాడు పట్టుకొని నిలబడేవాణ్ణి గురించి ఒక్క వాక్యం లేదు. నా దృష్టిలో ఈ విద్యకు ప్రాణం అతడే.

ఎలాగో చెబుతాను. రంధ్రాన్ని సాధారణంగా త్రికోణంగా కోస్తారు. మూలల్లో చేతులు ఆనించుకొని పైకి లేవడం సులువు. చుట్టూ పేరుకొన్న మంచును పారతో తొలగించి, రంధ్రం వైపు చూపే బాణపు గుర్తులు గీస్తారు. తొలగించిన చోట వెలుతురు కిందికి దిగుతుంది గనుక అడుగున ఉన్నవాడికి దారి తెలుస్తుంది. మునిగేవాడి ఒంటికి తాడు కడతారు. రెండో కొస పైవాడి చేతిలో ఉంటుంది. ఇన్నిసార్లు లాగితే 'క్షేమం', ఇన్నిసార్లు లాగితే 'పైకి లాగు' అని ముందే కట్టడి చేసికొంటారు. వీరు గాక మరొకడు సర్వసన్నద్ధుడై రంధ్రం ఒడ్డున కూర్చొని ఉంటాడు. అతడి తాడు మునిగినవాడి తాడుకన్న పొడుగు. ఆ చలికి, ఊపిరినందించే రెగ్యులేటరులో మంచు పట్టి గాలి ఆగకుండా వెలువడిపోయే ప్రమాదం ఉన్నది గనుక రెండవది సిద్ధంగా ఉంచుకొంటారు.

అన్నింటికన్న నన్ను ఆకట్టుకొన్న నియమం ఒకటున్నది. తాడు ఊడిపోతే ఏం చేయాలి? రంధ్రం కోసం వెదకుతూ ఈదకూడదు. నెమ్మదిగా పైకి తేలి, మంచుపలకకు ఆని, కదలక నిలిచి ఉండాలి. ఒడ్డున కూర్చొన్నవాడు తన పొడుగు తాడుతో దిగి, పలక కిందుగా వలయంలా ఈదుతాడు. ఆ తాడు వచ్చి తప్పిపోయినవాడికి తగులుతుంది. ఎంత గొప్ప మాట! 'నువ్వు తప్పిపోతే కంగారుపడి మరింత తప్పిపోకు, నిలువు. నిన్ను వెదకేవాడున్నాడు' అని. ముప్పై యేళ్ల పైచిలుకు పాఠాలు చెప్పాను గాని పిల్లలకు ఈ ఒక్క పాఠం ఇంత సూటిగా చెప్పలేకపోయాను.

మన భారతంలోనూ ఒక మంచుమునక ఉన్నదంటే కాదనగలరా? దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో జలాన్ని స్తంభింపజేసి అడుగున దాగాడు. గట్టు మీదికి అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ వచ్చి అతడితో మాట్లాడారు. ఆ మాటలు వేటగాండ్ర చెవిన పడ్డాయి, వారి ద్వారా పాండవులకు చేరాయి. వచ్చినవారు ఆప్తులే, వారి ప్రేమలో లోపమూ లేదు. లోపించింది మెలకువ. గట్టు మీద ప్రేమ ఒక్కటే చాలదన్నమాట.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసిన సంగతి కాదు. మా ఊరి దిగుడుబావిలో ఎనిమిదో యేట ఈత నేర్చాను. నడుముకు చేంతాడు, గట్టు మీద మా మేనమామ. ఒకనాడు దారిన పోయే చుట్టం పలకరిస్తే ఆయన అటు తిరిగి వడ్ల ధర అడుగుతున్నాడు. తాడు వదలయింది. నేను రెండు మునకలు వేసి నీళ్లు మింగాను. ఇదంతా ఎన్ని క్షణాలో తెలియదు. పైకి లాగిన తరువాత ఆయన నన్ను కొట్టలేదు, ఓదార్చలేదు. మెట్టు మీద కూర్చొని తన అరచేతులు చూసుకొంటూ ఉండిపోయాడు. ఆ తరువాత నాకు ఈత వచ్చేదాకా ఆయన బావి వద్ద ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇందుకు ఆక్షేపణ ఉండవచ్చు. అంటార్కిటికాలో శాస్త్రజ్ఞులు కొందరు ఒంటికి తాడు లేకుండానే దిగుతారు కదా అని. నిజమే. కాని అక్కడ రంధ్రం నుండి జెండాలూ దీపాలూ కట్టిన నిలువు తాడు వేలాడుతూ ఉంటుంది. చూపు ఎంతో దూరం ఆనే నీరది, దిగేవారు ఎన్నో యేళ్లు అభ్యసించినవారు. ఫిన్లాండు వనిత యోహన్నా నూర్ద్‌బ్లాద్ 2021లో, రెండు డిగ్రీల నీటిలో, ఈతదుస్తులతో, ఒక్క ఊపిరిన మంచు కింద 103 మీటర్లు ఈదింది. సైకిలు ప్రమాదంలో దెబ్బతిన్న కాలికి చన్నీటి చికిత్స చేయించుకొంటూ ఆమె ఈ దారిన పడింది. ఆమెకూ మంచు కింద కట్టిన తాడే దారి. ఒంటరి సాహసమని మనం చప్పట్లు కొట్టే ప్రతి చోటా కాస్త పక్కకు చూస్తే ఒక తాడు కనబడుతూనే ఉంటుంది.

మరొక మాట. ఆ వాకిలి మనది కాదు. అంటార్కిటికాలో వెడ్డెల్ సీలు తన ఊపిరి రంధ్రం పూడిపోకుండా పండ్లతో మంచును గీకుతూ ఉంటుంది. పండ్లు అరిగిపోతే ఆయుష్షూ తరిగిపోతుంది. మనం రంపంతో కోసుకొన్న త్రికోణానికి అది తన పండ్లతో వెల చెల్లిస్తోంది. ఆ పలక కూడా పలచబడుతున్నది. బైకాల్‌లో కోజోవ్ అనే శాస్త్రవేత్త 1945లో మొదలుపెట్టిన నీటి పరిశీలనను ఆయన కుమార్తె, ఆ తరువాత మనుమరాలు కొనసాగించారు. 1946 నుండి పై నీరు 1.2 డిగ్రీలు వేడెక్కిందని ఆ లెక్కల ఆధారంగా 2008లో ప్రకటించారు. మూడు తరాలు ఒకే తాడును చేతులు మార్చుకొంటూ పట్టుకొన్నట్లున్నది నాకు. ఆ పట్టికలో నక్షత్రాలు వేయవలసి వస్తే నేను వారికి వేస్తాను.

చివరకు ఆ అబ్బాయికి ఏమని వ్రాశానో చెప్పి ముగిస్తాను. "నాయనా, వెళ్లవద్దనను. ఏ దేశంలో నీరు తేటగా ఉన్నదో చూడకు. పైన తాడు పట్టుకొనేవాడెవరో ముందు కనుక్కో. ఒక పూట అతడితో గడుపు. పని వేళలో ఫోను మోగితే ఎత్తేవాడైతే నమస్కారం పెట్టి తిరిగి రా. మొదటి యేడు నువ్వు దిగకు, పైన నిలబడి తాడు పట్టుకో. ఆ చలిలో కాళ్లు కొయ్యబారుతున్నా చూపు మరల్చకుండా నిలబడగలిగితే, రెండో యేడు దిగు. వచ్చేటప్పుడు కోసిన మంచుదిమ్మెను తిరిగి దాని చోట పెట్టి, గుర్తు పాతి రా. తెలియక అటు నడిచేవారుంటారు."

వాళ్ల నాన్నగారికి ఇది నచ్చలేదు. "వద్దనమంటే మీరు ఇంకో యేడు వాయిదా వేశారు, అంతే కదా" అన్నారు. ఔనన్నాను. తండ్రి పట్టుకోవలసిన తాడు ఆయన పట్టుకొన్నారు, నాకు చేతనైనంత నేను పట్టుకొన్నాను. అబ్బాయి దగ్గర నుండి ఇంకా జవాబు రాలేదు. వచ్చినప్పుడు తెలియజేస్తాను.

స్వస్తి.