వంటయింటి ముచ్చట్లు: సెల్‌ఫోనులోని వంటపుస్తకము



కృష్ణకు దక్షిణపు టొడ్డున, బెజవాడ కెదురుగా నున్న మా తాడేపల్లిలో వేసవి వచ్చినదనిన నింటింట ఆవకాయ సందడియే. ఈ యేడు మా పొరుగింటి క్రొత్తకోడలు తానే జాడీ పెట్టుదునని ముచ్చటపడి, సెల్‌ఫోనులో నొక వంటల యాప్ తెఱచి, అందున్నట్లే మామిడిముక్కలు నాలుగు కప్పులు, ఆవపిండి, కారము, ఉప్పు ఒక్కొక్క కప్పు చొప్పున కొలిచి కలిపినది. మూడవనాడు తిరుగగలిపి రుచి చూడగా నోట బెట్టరాని యుప్పు! ఏడాది యూరగాయ పాడైనదని పాప మాపిల్ల కన్నీరు పెట్టుకొన్నది.

అత్తగారు వచ్చి, "ఏ యుప్పు వేసితివమ్మా?" అని యడిగిరి. పొట్లములోని మెత్తని యుప్పు! "మన కొలత కల్లుప్పునకు తల్లీ" అని, ఆమె మఱికొన్ని పుల్లని ముక్కలును, వానికి దగిన ఆవపిండి, కారము, నూనెయు జేర్చి జాడీని నిలబెట్టిరి. కల్లుప్పు పలుకుల నడుమ సందులుండును. మెత్తని యుప్పు దట్టముగా నమరును గనుక అదే కప్పునకు బరు వెక్కువ. తప్పు పిల్లది గాదు. ఏ యుప్పో చెప్పక యూరకొన్న యాప్‌ది.

ఇట్టి యాప్‌లను కూర్చు పనిలో నేడు మన యాడపిల్లలును గలరు. వారికి నావి నాలుగు మాటలు.

మొదటిది కొలత. మన పెద్దలకు రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. 1956 సంవత్సరపు శాసనముతో కిలోగ్రాములు వచ్చినవి. కప్పు మాత్ర మింటికొక తీరుగ నుండును. కావున కప్పుతోపాటు గ్రాములును చెప్పవలెను. గుంటూరు సన్నము కారమునకు, కన్నడదేశపు బ్యాడిగి మిరప రంగునకు పేరుగన్నవి. రెండింటికి నొకే చెంచా కొలత చెల్లదు.

రెండవది పంక్తి. నలుగురి వంటను ఎనమండుగురికి పెంచునపుడు బియ్యము, పప్పు రెట్టింపగును గాని, ఉడుకు కాలము రెట్టింపు గాదు. ఉప్పు, పులుపు మొదట తగ్గించి వేసి, రుచి చూచి చేర్చుమని చెప్పవలెను.

మూడవది మన చేతులు. శనగపిండి చేతులతో తెరను ముట్టలేము. వంట నడుమ తెర యారిపోరాదు. అక్షరములు పెద్దవిగా నుండి, ఒక్కొక్క పనిని తెలుగున చదివి వినిపింపవలెను. "ముందురాత్రి పప్పు నానబోయుడు" అను మాట మొట్టమొదటనే యుండవలెను గాని, రుబ్బబోవు వేళ గాదు. నెట్‌వర్కు అందని చోటను పుట తెఱచుకొనవలెను.

నాలుగవది చూపుట. తీగపాకము, పోపు వేగిన రంగు మాటల కందవు. తెనాలి చెంతనున్న గుడివాడ గ్రామపు మస్తానమ్మగారు 2016 మొదలు యూట్యూబులో ఆరుబయట వండి చూపుచు, 2018 డిసెంబరులో కన్నుమూసిరి. ఆ వృద్ధురాలి చేతివాటమును లక్షలాది జనులు కన్నులార చూచిరి. కొలతకు లొంగని చోట చిన్న చలనచిత్రమే గురువు.

ఇక మన వంతు. వంట చెడినప్పుడు మనలను మనము నిందించుకొనక, లోపమును యాప్ చేసినవారికి వ్రాయవలెను. ఇంటి పెద్దల చేతికొలతలను వారుండగనే తూచి వ్రాసి యుంచవలెను. మా పొరుగింటి కోడలు తన ఫోనులో నిట్లు వ్రాసికొన్నది: "అత్తగారి మాట: కల్లుప్పు." ఆ ఆవకాయ మా యింటికిని వచ్చినది, రుచికి లోటు లేదు.